ఉద్యోగం తీసిన ఫైలే సాక్ష్యం చెప్పింది

ఆమె పెళ్లి చేసుకుంది. ఆ సంగతి ఆఫీసుకు చెప్పలేదు. చేసిన నేరం ఇదీ.

పేరు రూబీ పేన్-స్కాట్. ఊరు ఆస్ట్రేలియాలో సిడ్నీ. కొలువు సర్కారు ప్రయోగశాలలో, రేడియో భౌతిక శాస్త్రవేత్తగా. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టి చదివే విద్యకు లోకంలో పునాదిరాళ్లు మోసిన కొద్దిమందిలో ఆమె ఒకరు. ఆ రంగంలో మొదటి స్త్రీ అని ఇవాళ పుస్తకాలు రాస్తున్నారు. బతికున్నన్నాళ్లూ ఎవరూ రాయలేదు.

ఎక్కడో సముద్రాలవతలి తెల్లామె కథ మనకెందుకని అడిగే మిత్రులుంటారు. అడగాల్సిందే. కాకపోతే చివరిదాకా చదివి అడగండి. ఈ కథలో మనకు పనికొచ్చేది ఆమె కనిపెట్టిన సైన్సు ఒక్కటే కాదు. ఆ సంగతి మనదాకా ఏ కాగితాల మీద నడిచొచ్చింది అన్నది కూడా.

రూబీ 1912 మే 28న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో గ్రాఫ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. చదువు కోసం సిడ్నీలో పెద్దమ్మలూ పిన్నమ్మల పంచన చేరింది. స్కాలర్‌షిప్పుల మీద సిడ్నీ యూనివర్సిటీలో చదివి 1933లో ఫిజిక్సు డిగ్రీ తీసుకుంది. ఆ యూనివర్సిటీలో ఫిజిక్సు పట్టా పుచ్చుకున్న ఆడవాళ్లలో ఆమె మూడో మనిషి. పట్టా అయితే ఇచ్చారు, పని ఎవరిస్తారు? కొంతకాలం క్యాన్సర్ పరిశోధనలో చేసింది. భూమి అయస్కాంత బలానికి కొన్ని వేల రెట్లు బలమున్న అయస్కాంతం మధ్య కోడిగుడ్ల పిండాలను పెంచి చూసి, దానివల్ల వాటికి ఏమీ కాలేదని తేల్చింది. అయస్కాంతాలు కట్టుకుంటే రోగాలు పోతాయని ఇప్పటికీ కంకణాలమ్మేవాళ్లు ఉన్నారు గదా, 1936లోనే ఆమె దగ్గర జవాబుంది. ఆ పని అయిపోయాక బళ్లో పంతులమ్మ అయింది. ఆ తర్వాత ఒక రేడియో కంపెనీలో చేరింది, అదీ లైబ్రేరియన్‌గా. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన మనిషి పుస్తకాలు సర్దే పనికి. కొద్దిరోజులకే అక్కడి కొలతల ప్రయోగశాల పనంతా ఆమె మీద పడిందనుకోండి, అది వేరే సంగతి.

అప్పుడు యుద్ధం వచ్చింది. మగవాళ్లు చాలక తలుపులు తెరిచారు. 1941 ఆగస్టులో సర్కారు శాస్త్ర పరిశోధన సంస్థ తన రేడియోఫిజిక్స్ ప్రయోగశాలలో ఇద్దరు ఆడ శాస్త్రవేత్తలను తీసుకుంది. ఒకరు జోన్ ఫ్రీమన్, రెండోవారు రూబీ. పని రాడార్. దాన్ని గురించి బయట ఒక్క మాట పొక్కకూడని రహస్యపు పని.

రాడార్‌లో రూబీ ప్రత్యేకత 'గోల'. రేడియో తిప్పితే స్టేషను దొరికేలోపల బుస్సుమని చప్పుడొస్తుంది చూశారా, అది. శత్రువిమానం నుంచి తిరిగొచ్చే సన్నని సంకేతాన్ని ఈ గోలలోనుంచి వేరుచేసి చూడటం ఎట్లా అన్నది ఆమె లెక్కలు కట్టింది. గోలను అంతగా ఎరిగిన మనిషి కాబట్టే మరో ప్రశ్న అడగగలిగింది. ఈ గోలలో యంత్రానిదెంత, ఆకాశానిదెంత? 1944లోనే తన పైవాడు జోసెఫ్ పాసీతో కలిసి ఆకాశం వైపు యాంటెన్నా తిప్పి కొలిచింది. యుద్ధం అయిపోయాక 1945 డిసెంబరు నాటికి సూర్యుడి నుంచీ, అంతరిక్షం నుంచీ వచ్చే రేడియో తరంగాల గురించి అప్పటిదాకా లోకానికి తెలిసిందీ, తాము కొలిచిందీ కలిపి ఒక నివేదిక రాసింది. అది ఏ పత్రికలోనూ అచ్చుకాలేదు. ఆఫీసు నంబరు వేసుకుని బీరువాలో పడుకుంది. ఈ నివేదికను గుర్తుపెట్టుకోండి.

1946 జనవరి 26 తెల్లవారుజాము. సిడ్నీ ఒడ్డున డోవర్ హైట్స్ అనే కొండచరియ. కింద సముద్రం, పైన యుద్ధకాలపు రాడార్ యాంటెన్నా. సూర్యుడు సముద్రంలోంచి లేస్తుంటే అతని రేడియో తరంగాలు రెండు దారుల్లో యాంటెన్నాకు చేరతాయి. ఒకటి నేరుగా, రెండోది నీళ్లమీద పడి తిరిగి. ఆ రెండూ కలిసినప్పుడు ఒకదానికొకటి బలమిచ్చుకోవటమో, ఒకదాన్నొకటి మింగెయ్యటమో జరుగుతుంది. కాగితం మీద ముడుతలు పడ్డట్టు గీతలొస్తాయి. ఆ ముడుతల్ని బట్టి తరంగం సూర్యబింబంలో ఏ మూల నుంచి వచ్చిందో చెప్పొచ్చు. మామూలుగా ఈ పనికి దూరదూరంగా రెండు యాంటెన్నాలు కావాలి. వీళ్లు ఒక్క యాంటెన్నా పెట్టుకుని రెండోది సముద్రంచేత చేయించుకున్నారు. ఇంత పొదుపు తెలివి మన ఇళ్లలో అమ్మలకుంటుంది. ఆకాశాన్ని ఇట్లా కొలవటం అదే మొదలు. చూసింది పాసీ, మెక్‌క్రెడీ, రూబీ. తేలిందేమిటంటే, ఆ ఉధృతమైన రేడియో చప్పుడంతా సూర్యుడి మచ్చలున్న చోటునుంచే వస్తున్నది.

ఆ ముగ్గురి వ్యాసం 1947లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అందులో ఒకచోట ఒక ఊహ ఉంది. ఇటువంటి ముడుతల కొలతలు రకరకాలుగా తీసి గణితంతో కూడితే అసలు బొమ్మనే తిరిగి కట్టొచ్చు అని. ముక్కలు ముక్కలుగా విని మొత్తం చూడటమన్నమాట. ఇవాళ లోకంలో ఉన్న పెద్ద రేడియో టెలిస్కోపులు చాలా ఈ సూత్రం మీదే బొమ్మలు తీస్తున్నాయి. ఆ మార్గాన్ని కేంబ్రిడ్జిలో ఏళ్ల తరబడి కష్టపడి ఆచరణలోకి తెచ్చిన మార్టిన్ రైల్‌కు 1974లో నోబెల్ వచ్చింది. రైల్ దొంగిలించాడని మేం అనటం లేదు. అతని కష్టం అతనిది. కానీ ఆ ఊహ ముందుగా అచ్చయిన కాగితం మీదున్న మూడు పేర్లలో ఒకరు ఆ ఏడాది సిడ్నీలో ఒక ఆడపిల్లల బళ్లో లెక్కలూ సైన్సూ చెప్పి విరమించుకుంటున్నారు. లోకంలో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. మా బాధ అదీ.

పని అక్కడితో ఆగలేదు. 1947 మార్చి 8న సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగింది. రూబీ, యాబ్‌స్లీ, బోల్టన్ ముగ్గురూ దాన్ని మూడు వేర్వేరు తరంగాల మీద పట్టారు. 200, 100, 60 మెగాహెర్ట్జుల మీద. మూడూ ఒకేసారి రాలేదు. ముందు ఎక్కువది, కొన్ని నిమిషాల తేడాతో తక్కువవి. అంటే ఏదో సూర్యుడి నుంచి పైకి, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నది. ఆ తర్వాత పాట్స్ హిల్ అనే చోట, నగరానికి నీళ్లిచ్చే చెరువు పక్కన, అలెక్ లిటిల్‌తో కలిసి సెకనుకు 25 సార్లు సూర్యుడిని తడిమి చూసే యంత్రం నడిపింది. సూర్యుడి మీది అలజడి కదులుతుంటే కదలికనే పట్టుకునే యంత్రం అది.

ఇక నేరం సంగతికి వద్దాం.

రూబీ 1944 సెప్టెంబరులో బిల్ హాల్‌ను పెళ్లాడింది. అడవుల్లో కొండల్లో నడిచే వాళ్ల సంఘంలో ఇద్దరికీ పరిచయం. అతను టెలిఫోన్ మెకానిక్. ఆస్ట్రేలియా సర్కారు ఉద్యోగాల్లో 1902 చట్టం నాటినుంచీ ఒక నిబంధన ఉండేది. ఆడది పెళ్లి చేసుకుంటే ఆ రోజుతో పర్మనెంటు కొలువు చెల్లు. పెళ్లయిన మగవాడికి ఏమీ కాదు. అతనికి పెళ్లాం వచ్చింది కాబట్టి జీతం ఇంకా కావాలంటారు. అదే పెళ్లి ఆడమనిషికి జరిగితే ఆమెను పోషించేవాడు దొరికాడు కాబట్టి జీతమెందుకంటారు. ఏ పొయ్యి దగ్గర వండిన న్యాయమో గానీ ఒకే పెళ్లికి రెండు తీర్పులు.

ఆరేళ్లపాటు ఆమె చెప్పలేదు. పాత ఇంటిపేరుతోనే వ్యాసాలు రాసింది. తోటివాళ్లలో తెలిసినవాళ్లకు తెలుసు, నోరు మూసుకున్నారు. అది కూడా చెప్పుకోవాలి, అందరూ చెడ్డవాళ్లు కాదు. 1949లో సంస్థ పేరూ పెత్తనమూ మారాయి. 1950 నాటికి సంగతి పైవాళ్ల బల్లమీదికి చేరింది. ఆమెను పర్మనెంటు నుంచి తీసి టెంపరరీ చేశారు. పెన్షను హక్కు పోయింది. చేసే పని మాత్రం అదే. యంత్రమూ అదే, సూర్యుడూ అతనే.

అప్పుడామె సంస్థ ఛైర్మన్ ఇయాన్ క్లూనిస్ రాస్‌కు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం దొరికింది. పెళ్లి సంగతి తెలియజేసే విషయంలో తాను చేసినదానికంటే వేరుగా చేయాల్సిన బాధ్యత చట్టప్రకారం గానీ, నీతిప్రకారం గానీ తనకేమీ లేదని అందులో రాసింది. క్షమించమనలేదు. దయ తలచమనలేదు. మనలో చదువుకున్నవాళ్లం మెమో అందుకుంటే జవాబు ఎట్లా మొదలుపెడతాం? "తమరి పాదపద్మములకు" అనే రోజులు పోయాయి గానీ, "తమ విధేయుడు" అన్న సంతకం ఇంకా చెయ్యి వదల్లేదు. ఆమె వయసప్పుడు 37. ఎదుట ఉన్నది ఒక దేశపు సైన్సు మొత్తాన్ని నడిపే పెద్ద. ఈ సంపాదకీయం రాస్తున్న చెయ్యి అట్లాంటి జవాబు ఎన్నడూ రాయలేదు. ఒకసారి రాయాల్సిన అవసరం వచ్చినా రాయలేదు.

1951లో కడుపుతో ఉన్నప్పుడు ఆమె వెళ్లిపోయింది. ప్రసూతి సెలవు అనే మాటే ఆ కొలువులో లేదు. పాసీ లాంటివాళ్లకు ఆమె పని విలువ తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం, సెలవిచ్చే కాగితం లేకపోతే? కొడుకు పీటర్, తర్వాత కూతురు ఫియోనా పుట్టారు. పీటర్ హాల్ పెద్ద గణాంక శాస్త్రవేత్త అయ్యాడు, 2016లో చనిపోయాడు. ఫియోనా హాల్ పేరున్న కళాకారిణి. 1963 నుంచి 1974 దాకా రూబీ 'మిసెస్ హాల్' పేరుతో బడిపిల్లలకు చదువు చెప్పింది. చివరి ఏళ్లలో మతిమరపు జబ్బు పట్టింది. 1981 మే 25న పోయింది. మళ్లీ పరిశోధనలో అడుగుపెట్టలేదు. సర్కారు ఆ పెళ్లి నిబంధనను 1966 నవంబరులో ఎత్తేసింది. అప్పటికి ఆమె వెళ్లిపోయి 15 ఏళ్లు.

ఇప్పుడు కాగితాల సంగతి. మేం అసలు చెప్పదలుచుకున్నది ఇది.

రేడియో ఖగోళంలో మరో తొలితరం మనిషి అమెరికావాడు గ్రోట్ రీబర్. 1937లో తన ఇంటి పెరట్లో సొంత డబ్బుతో పెద్ద రేడియో పళ్లెం కట్టినవాడు. గొప్పవాడే. అతని ఉత్తరాలూ, లెక్కలూ అమెరికా జాతీయ రేడియో ఖగోళ సంస్థ భాండాగారంలో అతని పేరు మీదే పదిలంగా ఉన్నాయి. ఆ మనిషి తనను తాను దాచుకోగలిగాడు. రూబీ సంగతి అట్లా కాదు. ఆమె ఆత్మకథ రాయలేదు. ఆమె జీవితం తిరిగి లెక్కకట్టినవాళ్లు అమెరికా రేడియో ఖగోళ శాస్త్రవేత్త మిల్లర్ గాస్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రిచర్డ్ మెగీ. వాళ్ల పుస్తకం 2009లో వచ్చింది. వాళ్లు చేతులు పెట్టి వెతికింది ఎక్కడ? ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారంలో. అంటే సర్కారు కొట్టులో. ప్రయోగశాల పాత ఫైళ్లు, కమిటీ సమావేశాల మినిట్సు, ఉద్యోగపు ఫైలు, పెళ్లి గురించి నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు. అచ్చుకాని ఆ 1945 నివేదిక కూడా అట్లా ఫైళ్ల మధ్య బతికిందే.

ఇంకో ఫైలు కూడా ఉంది. ఆస్ట్రేలియా గూఢచారి శాఖది. రూబీ వామపక్ష మనిషి, మాట దాచుకునే రకం కాదు. తోటివాళ్లు 'ఎర్ర రూబీ' అని వెనక నవ్వుకునేవాళ్లు. నిచ్చెనలెక్కి యాంటెన్నాలు బిగించేవాళ్లకు గౌనులేమిటని షార్ట్సు వేసుకుని పనికి వచ్చేదట. కమ్యూనిస్టేమో అన్న అనుమానంతో శాఖ ఆమె మీద ఫైలు తెరిచింది. ఆ ఫైలు కూడా ఇప్పుడు చదువుకోవచ్చు.

చూడండి ఎట్లా తిరిగిందో. పట్టుకోవటానికి రాసిన కాగితాలు, తీసెయ్యటానికి రాసిన కాగితాలు, కాపలా కాయటానికి రాసిన కాగితాలు. ఆమెను నిలబెట్టాల్సి వచ్చేసరికి పెద్ద సాక్షులు ఇవే అయ్యాయి. ఆమె జవాబును వాళ్లే నంబరు వేసి, తేదీ వేసి, తాడు కట్టి దాచారు. ఎందుకు దాచారు? రేపు తమ నిర్ణయం సరైనదని చూపించుకోవటానికి. చూపించింది మాత్రం ఆమె పక్షం.

ఇదంతా మనకు కొత్తా? మన తాతముత్తాతల పేర్లు ఎక్కడున్నాయి? వెట్టి లెక్కల్లో, పోలీసు రికార్డుల్లో, కోర్టు కాగితాల్లో, ఎవడి దగ్గరో అప్పు పత్రం మీద వేలిముద్ర కింద. మనం రాసుకున్నవి ఏవి? రాసుకున్న మహానుభావుడి రాతలకే ఏం గతి పట్టిందో తెలుసు. బాబాసాహెబ్ 1956లో పోతే, మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం వేసింది 1979లో. రామాయణ మహాభారతాల గురించి ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు 1987 దాకా ఆగాల్సి వచ్చింది. అచ్చయితే అయ్యాయి గానీ దానికీ ఊరేగింపులు తీయాల్సి వచ్చింది.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. రూబీ తెల్లజాతి మనిషి. ఆ జనవరి 26 ఆస్ట్రేలియాకు పండగ రోజు. ఆ నేల అసలు బిడ్డలైన ఆదివాసులు 1938లో అదే తారీఖున సిడ్నీలో కూడి అది తమకు సంతాప దినమని ప్రకటించారు. వాళ్లను జనాభా లెక్కలో కలపటానికి 1967లో దేశం ఓటెయ్యాల్సి వచ్చింది. పెళ్లయిన ఆడదాన్ని కొలువులో ఉంచుకోవాలా వద్దా అని ఆ దేశం తర్జనభర్జన పడుతున్నప్పుడు, ఆదివాసీ ఆడమనిషికి ఆ ప్రయోగశాల గేటు ఏ వైపుందో కూడా తెలిసే దారి లేదు. రూబీకి జరిగింది అన్యాయమే, కానీ అది గేటు లోపల జరిగిన అన్యాయం. ఈ తేడా మరిచిపోయి చదివితే సగమే చదివినట్టు.

అట్లాగని మన దేశం ఏమన్నా తక్కువ తిన్నదా? విదేశాంగ శాఖలో చేరిన మొదటి స్త్రీ ముత్తమ్మ. చేరింది 1949లో, అంటే సరిగ్గా సిడ్నీలో రూబీ ఫైలు కదులుతున్న రోజుల్లోనే. ఆ కొలువులో ఆడవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి, అవసరమైతే రాజీనామా చెయ్యాలి. ఆమె సుప్రీంకోర్టుకెక్కితే 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తూర్పారబట్టారు. 1981 ఆగస్టులో, రూబీ పోయిన మూడు నెలలకు, విమానాల్లో పనిచేసే ఆడపిల్లల కేసు తేలింది. కడుపొస్తే ఉద్యోగం ఊడుతుందన్న నిబంధనను కొట్టేశారు. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోరాదన్నదాన్ని మాత్రం సబబేనని ఉంచారు.

పాట్స్ హిల్‌కూ మనకూ ఒక బంధముంది. రూబీ వెళ్లిపోయిన రెండేళ్లకు, 1953లో, మన దేశం నుంచి గోవింద్ స్వరూప్ అనే యువకుడు పాసీ దగ్గర పని నేర్చుకోవటానికి సిడ్నీ వెళ్లాడు. పాట్స్ హిల్‌లో సూర్యుడిని చూసిన 32 చిన్న రేడియో పళ్లేలు తర్వాత మన దేశానికి వచ్చి, 1965లో బొంబాయి దగ్గర కల్యాణ్‌లో నిలబడ్డాయి. వాటి వెనక ఊటీ టెలిస్కోపు వచ్చింది. పుణె జిల్లా ఖోడద్ దగ్గర ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 పళ్లేల టెలిస్కోపు వచ్చింది. ముక్కలు కూడి బొమ్మ కట్టటం అన్న ఆ 1947 వ్యాసపు ఊహ మీదే ఖోడద్‌లో పని నడుస్తుంది. అక్కడికి మన పిల్లలు ఎంతమంది చేరుతున్నారన్నది వేరే సంపాదకీయం రాయాల్సిన సంగతి.

ఇప్పుడు ఆస్ట్రేలియా సంస్థ ఆమె పేరు మీద ఒక అవార్డు ఇస్తున్నది, 2008 నుంచి. బిడ్డల కోసం పని ఆపి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకు. ఆమెకు ఇవ్వని అవకాశాన్ని ఆమె పేరుతో ఇస్తున్నారు. 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, అప్పట్లో పట్టించుకోని చావుల వరసలో ఆమె సంతాప వార్త వేసింది. 37 ఏళ్లు ఆలస్యంగా.

మిత్రులారా, ఒక విన్నపం. మీకు ఆఫీసుల్లో వచ్చిన మెమోలు, సస్పెన్షన్ ఆర్డర్లు, బదిలీ కాగితాలు, సీటు రాలేదన్న కార్డులు, హాస్టల్ వార్డెన్ ఇచ్చిన నోటీసులు, వాటికి మీరిచ్చిన జవాబులు ఉంటే చింపెయ్యకండి. కోపంతోనో సిగ్గుతోనో పొయ్యిలో పెట్టకండి. మీరు జవాబు రాసి పంపేటప్పుడు ఒక నకలు తీసి, తేదీ వేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు పదిలం చేసుకోండి. ఇంట్లో ఎలకలూ చెదలూ ఉంటాయి కాబట్టి రేకు పెట్టెలో వేపాకు వేసి పెట్టండి. అమ్మా నాన్నల పేరు మీద ఉన్న పాత పట్టాలు, రేషన్ కార్డులు కూడా. పత్రిక ఆఫీసుకు పంపదలిస్తే జిరాక్సు పంపండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వొద్దు, మాకైనా సరే.